ఉక్కు నగరంలో ఒక్క పాయింటు ఛార్జింగ్

జంషెడ్‌పూర్ భాలుబాసాలో సిగ్నల్‌కు కొదవ లేదు. కరెంటు, ఓటీపీ, సొంతూరి పలకరింపు మాత్రం అందరికీ ఒకేలా అందవు

భాలుబాసాను చూడటానికని ఎవరూ జంషెడ్‌పూర్ వెళ్లరు. వెళ్లినవారు జూబ్లీ పార్కు, దూరంగా దల్మా కొండలు, రాత్రివేళ ఉక్కు కర్మాగారం మీద ఎర్రబడే ఆకాశం చూసి టాటానగర్ స్టేషన్ దారి పడతారు. సాక్చీ బజారుకు కూతవేటు దూరంలో, అగ్రికో, సీతారాండేరాల పక్కన సర్దుకుని కూర్చున్న ఈ పేటలో కొత్తవారిని ఆకట్టుకునేది దాని పేరొక్కటే. భాలు అంటే ఎలుగుబంటి, బాసా అంటే నివాసం. ఎలుగుబంట్లు ఎప్పుడు ఖాళీ చేశాయో గానీ, 1907లో టాటా కంపెనీ ఏర్పడి సాక్చీ గ్రామంలో కొలిమి వెలిగించాక ఈ చుట్టుపక్కలకు మనుషుల రాక ఆగలేదు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్, బీహార్, బెంగాల్, మన ఉత్తరాంధ్ర, అన్ని వైపుల నుంచీ వచ్చారు. రాజ్‌నంద్‌గావ్ ప్రాంతం నుంచి అలా వచ్చిన ఓ కుటుంబంలో పుట్టి, భాలుబాసా హరిజన హైస్కూలులో చదువుకున్న రఘువర్ దాస్ 2014 నుంచి 2019 దాకా జార్ఖండ్ ముఖ్యమంత్రిగా పనిచేశారు.

ఈ నగరంలో సగం పేటలకు ఫ్యాక్టరీల పేర్లే. అగ్రికో అంటే పలుగులు, పారలు చేసిన వ్యవసాయ పనిముట్ల కంపెనీ. కేబుల్ టౌన్, టిన్‌ప్లేట్‌ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇనుము, రాగి, తగరాల వంతు అయిపోయింది. ఇప్పుడు వీధుల్లో కనిపించే సరుకంతా లిథియానిదే. కిరాణా కొట్లో బిస్కెట్ ప్యాకెట్ల పక్కన ఛార్జింగ్ వైర్లు వేలాడుతుంటాయి. టీ బండి మీద క్యూఆర్ కోడ్ అట్ట, దాని పక్కన డబ్బు పడిందని హిందీలో కేకేసే చిన్న పెట్టె. మొబైల్ రిపేరు కుర్రాడి బల్ల మీద ఆరేడు ఫోన్లు వీపు విప్పుకుని పడుకుని ఉంటాయి. అతని దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఒకటే. ‘బ్యాటరీ ఆగడం లేదు.’

ఆ ఫిర్యాదు వెనుక ఈ ఊరి భూగోళం కొంత ఉంది. జంషెడ్‌పూర్‌లో కరెంటు అడిగితే ముందు వచ్చే ప్రశ్న, కంపెనీ కరెంటా, సర్కారు కరెంటా అని. టాటా స్టీల్ లీజు భూమిలో కరెంటు, నీళ్లు, రోడ్లు చూసేది కంపెనీయే. 2004లో అందుకోసం జుస్కో అనే అనుబంధ సంస్థను పెట్టారు. పేరు మారి ఇప్పుడది టాటా స్టీల్ యుటిలిటీస్ అండ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ సర్వీసెస్ అయినా, జనం నోట్లో ఇంకా జుస్కోనే. సువర్ణరేఖ నది దాటి మాంగోలో అడుగుపెడితే, లేదా రైలు పట్టాలు దాటి జుగ్సలాయీ, బాగ్‌బేడా, పర్సుడీ వైపు వెళితే రాష్ట్ర విద్యుత్ సంస్థ సామ్రాజ్యం. 2014 దాకా అది జార్ఖండ్ విద్యుత్ బోర్డు. ఆ తర్వాత దాన్ని ముక్కలు చేసి పంపిణీని వేరే నిగమానికి అప్పగించారు. కోతలు తగ్గాయి గానీ పోలేదు. మేలో ఉక్కపోస్తున్న రాత్రి నది ఈ ఒడ్డున దీపాలు వెలుగుతుంటే ఆ ఒడ్డున ఇన్వర్టర్లు గుర్రుపెడుతుంటాయి.

భాలుబాసా నదికి కంపెనీ వైపు ఒడ్డున ఉంది. ఇక్కడి ఓ గృహిణి 2000ల నాటి ముచ్చట చెప్పారు. మాంగోలో ఉండే ఆడపడుచు పండక్కి వస్తే సంచీలో మిఠాయితో పాటు రెండు ఛార్జర్లు ఉండేవట. తనదొకటి, పక్కింటివాళ్లదొకటి. ‘మాట్లాడటానికి వచ్చేదో, ఛార్జింగ్ పెట్టుకోవడానికి వచ్చేదో నాకిప్పటికీ అనుమానమే’ అని ఆమె నవ్వారు. సెల్ టవర్లకు కంపెనీ ఒడ్డు, సర్కారు ఒడ్డు అన్న తేడా లేదు. డీజిల్ జనరేటర్ తోడుంటే అవి చీకట్లోనూ పనిచేస్తాయి. చేతిలోని ఫోనుకే ఆ తోడు లేదు.

నిజానికి ఫోను తాగే కరెంటు ఎంత? ఇప్పటి మామూలు స్మార్ట్‌ఫోను బ్యాటరీ 5,000 ఎంఏహెచ్. అంటే సుమారు 19 వాట్ అవర్లు. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు రెండు గంటలు వెలిగితే అయ్యే ఖర్చు. రోజూ నిండుగా ఛార్జి చేసినా, మధ్యలో వృథా అయ్యేది కలిపినా, ఏడాదికి పది యూనిట్లు దాటదు. డబ్బు లెక్కన అది దేశంలో ఎవరికీ భారం కాదు. చిక్కంతా వేళతోనే. అవసరమైనప్పుడు కరెంటు ఉండాలి, లేదా ఉన్నప్పుడు పట్టి దాచుకోవాలి. బ్యాటరీ అంటే అంతే కదా.

దాచుకోవడంలో ఆరితేరిన ఫోను ఒకటుండేది. 2003లో వచ్చిన నోకియా 1100. నలుపు తెలుపు తెర, నెత్తి మీద టార్చి, లోపల 850 ఎంఏహెచ్ బీఎల్-5సీ బ్యాటరీ. ఇప్పటి ఫోను బ్యాటరీలో ఆరో వంతు. అయినా మాట్లాడకుండా ఉంచితే 400 గంటల దాకా బతుకుతుందని కంపెనీ చెప్పుకుంది. ప్రపంచవ్యాప్తంగా 25 కోట్లకు పైగా అమ్ముడుపోయిన ఈ ఫోనుకు చేసే పని తక్కువ కాబట్టే ఆకలీ తక్కువ. ఛార్జింగ్ ‘రెండు పాయింట్లు’ ఉంటే ఇంకో రెండు రోజులకు ఢోకా లేదన్న ధీమా ఆ తరానికుంది. ఇప్పుడు 40 శాతం చూసినా కంగారే.

అప్పట్లో బ్యాటరీని జనం ఎంత ఆత్మీయంగా చూసేవారో 2007 ఆగస్టులో బయటపడింది. 2005 డిసెంబరు నుంచి 2006 నవంబరు మధ్య జపాన్ కంపెనీ మత్సుషిటా తయారుచేసిన 4 కోట్ల 60 లక్షల బీఎల్-5సీ బ్యాటరీలు ఛార్జింగ్ సమయంలో వేడెక్కవచ్చని నోకియా ఆగస్టు 14న ప్రకటించింది. ప్రపంచం మొత్తం మీద అలాంటి ఘటనలు వంద వరకే, తీవ్రంగా గాయపడినవారు లేరు. కానీ మన దేశంలో ఫోన్లు పేలిపోతున్నాయంటూ ఎస్సెమ్మెస్‌లు చుట్టేశాయి. పేలతాయని చెప్పిందీ ఆ ఫోన్లలోనే, నమ్మిందీ ఆ ఫోన్లు పట్టుకునే. సర్వీసు కేంద్రాల ముందు బారులు తీరారు. బ్యాటరీ ఊడదీసి వెనక చీమల్లా ఉన్న 26 అక్షరాల గుర్తింపు సంఖ్యను కళ్లు చికిలించి చదువుకోవడం కొన్నాళ్లపాటు జాతీయ వ్యాపకమైంది. ఇప్పటి ఫోన్లకు బ్యాటరీ ఊడిరాదు. వాటి మీద ఏం రాసి ఉందో చూసినవాళ్లు రిపేరు కుర్రాళ్లే.

జంషెడ్‌పూర్‌లో తెలుగు గట్టిగా వినిపించాలంటే భాలుబాసా నుంచి ఆటో ఎక్కి బిష్టుపూర్ రామమందిరానికో, అటు కద్మాకో వెళ్లాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చి కర్మాగారంలో, రైల్వేలో చేరినవారి మూడు, నాలుగు తరాలు ఇక్కడున్నాయి. ఈ కుటుంబాల దగ్గర దేశంలో ఫోను చరిత్ర అంతా, టెలికాం శాఖ ఫైళ్లలో లేని రూపంలో, భద్రంగా ఉంది. ముందు ఉత్తరం, టెలిగ్రాం. తర్వాత పావు రేటు కోసం పొద్దుపోయాక ఎస్టీడీ బూత్ ముందు క్యూ. 1995 జూలై 31న కలకత్తా రైటర్స్ బిల్డింగ్ నుంచి జ్యోతిబసు ఢిల్లీలోని సుఖ్‌రాంకు దేశంలో మొదటి మొబైల్ కాల్ చేసినప్పుడు, ఆ కలకత్తా ఇక్కడికి రైల్లో నాలుగైదు గంటల దూరమే. అయినా ఆ ఫోను కార్మికుల వాడల దాకా రావడానికి ఎనిమిదేళ్లు పట్టింది. 2003 మే నుంచి ఇన్‌కమింగ్ ఉచితమైంది. అదే ఏడాది వర్షాకాలంలో రిలయన్స్ 501 రూపాయలకే ఫోను చేతిలో పెట్టింది.

కద్మాలో కలిసిన ఓ రిటైరైన ఉక్కు కార్మికుడు, 70 దాటినాయన, మిస్డ్ కాల్‌కు వ్యాకరణం చెప్పారు. ‘ఏటి బాబూ, అప్పుడు ఫోను మాటాడ్డానికి కాదు, మోగించడానికి. టాటాలో రైలెక్కితే ఒక రింగు. పార్వతీపురం దాటితే రెండు. మూడోది కూడా మోగిందంటే ఎత్తాల. ఎవులికో ఒంట్లో బాగోలేదన్నమాట.’

‘పొరపాటున రెండో రింగుకే ఎత్తేస్తేనో, తాతగారూ?’ అని అడిగాను.

‘మీ మామ్మ ఓసారి ఎత్తీసింది. రోమింగు గదా, నా బేలన్సంతా పోనాది. బొబ్బిలి దిగి ఇంటికెళ్లే దాకా ఆ కోపం తగ్గనేదు.’

ఆ రోమింగ్ కథ తెలియాలంటే అలెప్పీ రైలు దారి తెలియాలి. టాటానగర్‌లో ఎక్కిన ప్రయాణికుడు రూర్కెలా, సంబల్‌పూర్, టిట్లాగఢ్, రాయగడ మీదుగా పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం చేరతాడు. ఈ దారిలో టెలికాం సర్కిళ్లు మూడు: బీహార్, ఒరిస్సా, ఆంధ్రప్రదేశ్. జార్ఖండ్ ఏదీ అనకండి. 2000 నవంబరు 15న రాష్ట్రం విడిపోయింది గానీ, ప్రైవేటు ఫోన్ కంపెనీల లైసెన్సుల లెక్కలో జార్ఖండ్ ఇవాళ్టికీ బీహార్ సర్కిల్లోనే ఉంది. సర్కిల్ దాటితే చేసినా డబ్బే, ఎత్తినా డబ్బే. 2006 మార్చిలో బీఎస్ఎన్ఎల్ నిమిషానికి రూపాయి చొప్పున దేశమంతా మాట్లాడుకోమంది. రోమింగ్‌లో ఇన్‌కమింగ్‌ను అదే సంస్థ ఉచితం చేయడానికి 2015 జూన్ దాకా ఆగాల్సి వచ్చింది.

పైగా స్లీపర్ బోగీలో అప్పట్లో ఛార్జింగ్ పాయింట్ ఎక్కడిది? రాయగడ చుట్టూ కొండల్లో టవర్ దొరకదు. దొరకని టవర్ కోసం ఫోను అదేపనిగా వెతుకుతూ, సిగ్నల్ పంపే శక్తిని పెంచుకుంటూ పోతుంది. అందుకే ఊరికే జేబులో ఉన్న ఫోను ఇంట్లో కన్నా రైల్లో త్వరగా చస్తుంది. ఈ శాస్త్రం తెలియకపోయినా మందు తెలిసినవాళ్లు ఫోను ఆపేసి పెట్టుకుని పెద్ద స్టేషన్లలో మాత్రమే తెరిచేవారు. ఇప్పుడు ప్రతి బేలోనూ ప్లగ్గులున్నాయి. అగ్నిప్రమాదాల భయంతో 2021లో రైల్వే రాత్రి 11 నుంచి ఉదయం 5 వరకు వాటికి కరెంటు ఆపేయాలని నిర్ణయించింది. తూర్పు కనుమల ప్రయాణికుడికి నోకియా రోజుల అలవాటు ఇంకా పనికొస్తూనే ఉంది.

టాటాల ఊళ్లో టాటాల ఫోను ఏమైందని ఎవరికైనా సందేహం రావచ్చు. 2009 జూన్‌లో టాటా డొకోమో సెకనుకు పైసా అంటూ వచ్చి దేశంలోని కంపెనీలన్నిటినీ నిమిషాల లెక్క వదిలిపెట్టేలా చేసింది. ‘ఆఁ, చేరాను’ అనడానికి ఆరు సెకన్లు చాలు, ఆరు పైసలు. మిస్డ్ కాల్ వ్యాకరణానికి గండికొట్టింది నిజానికి అదే. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక మిగతా కంపెనీల లెక్కలు తారుమారయ్యాయి. 2019 జూలైలో టాటాల మొబైల్ వ్యాపారం ఎయిర్‌టెల్‌లో కలిసిపోయింది. ఉక్కు, ఉప్పు, కారు, అన్నిటి మీదా టాటా పేరున్న ఊళ్లో సిమ్ కార్డు మీద మాత్రం ఇప్పుడా పేరు లేదు.

ఫోను మాటల పెట్టెగా ఉన్నంతకాలం ఛార్జింగ్ అయిపోతే పోయేది కబురే. ఇప్పుడు పోయేది బియ్యం, పింఛను, జీతం. ఈ తేడా చూడాలంటే మళ్లీ భాలుబాసా వైపు వచ్చి ప్రజ్ఞా కేంద్రం ముందు గంటసేపు నిలబడితే చాలు. మన దగ్గర మీసేవ లాంటిదే, జార్ఖండ్‌లో పేరు అది. 2024 ఆగస్టులో జార్ఖండ్ ప్రభుత్వం మయ్యా సమ్మాన్ యోజన కింద మహిళలకు నెలకు 1,000 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ డిసెంబరు నుంచి దాన్ని 2,500 చేసింది. దాంతో ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోను నంబరు, మూడూ ఒకదానికొకటి ముడిపడ్డాయా అని చూసుకోవడానికి వచ్చే ఆడవాళ్ల వరుస పెరిగింది.

నేను చూసిన రోజు వరుసలో 45 ఏళ్ల స్త్రీ ఒకామె ఉంది. నాలుగిళ్లలో పని చేస్తుంది. ఆధార్‌కు ఇచ్చిన నంబరు కొడుకుది. కొడుకు ఆదిత్యపూర్ పారిశ్రామికవాడలో షిఫ్టులో ఉన్నాడు. గేటు దగ్గరే ఫోను పెట్టెలో పెట్టించుకుని లోపలికి పంపుతారు. కంప్యూటర్ ముందున్న అబ్బాయి నంబరు కొట్టాడు, ఓటీపీ వెళ్లింది. అది ఆదిత్యపూర్‌లో ఏదో ఇనుప పెట్టెలో మోగి ఉంటుంది. ‘చాచీ, నంబర్ బోలియే’ అని అతను రెండుసార్లు అడిగాడు. ఆమె తన చేతిలోని కీప్యాడ్ ఫోను వంక చూసింది. అది వేరే నంబరు. పది నిమిషాల గడువు దాటింది. రేపు కొడుకును వెంటబెట్టుకుని రమ్మన్నాడు. రేపు అతనికి మళ్లీ షిఫ్టే. అతను సెలవు పెడితే ఒక రోజు కూలి, ఆమె మానేస్తే ఒక పూట చీవాట్లు. ఆ అబ్బాయి విసుక్కోలేదు, కసురుకోలేదు. రోజూ చూసేదే కాబోలు. ఆడవాళ్ల పేరున పథకం, మగవాళ్ల పేరున సిమ్. ఈ పొంతన కుదరని కుటుంబాలెన్నో ఏ సర్వరూ లెక్కపెట్టదు.

దీన్ని చిన్న ఇబ్బందిగా తీసిపారేయడానికి జార్ఖండ్‌లో వీల్లేదు. 2017 సెప్టెంబరు 28న సిమ్‌డేగా జిల్లాలో 11 ఏళ్ల బాలిక చనిపోయింది. ఆధార్‌తో ముడిపెట్టలేదని రేషన్ కార్డు రద్దయి, నెలల తరబడి బియ్యం అందక ఆకలితో పోయిందని తల్లి చెప్పింది. మలేరియా అని అధికారులు అన్నారు. అప్పటి ముఖ్యమంత్రి భాలుబాసాలో పెరిగిన మనిషే. పేదరికం ఎలా ఉంటుందో ఎవరూ చెప్పాల్సిన అవసరం లేనివాడు. అయినా ఆ ఏడాది అక్టోబరులోనే రాంచీ దగ్గరి నగడీ బ్లాకులో బియ్యానికి బదులు ఖాతాలో డబ్బు వేసి, ఆ డబ్బుతో బియ్యం కొనుక్కోమనే ప్రయోగం మొదలైంది. డబ్బు పడిందో లేదో తెలుసుకోవడానికి, తీసుకోవడానికి, బ్యాంకుకూ రేషన్ షాపుకూ తిరగలేక జనం మొత్తుకున్నారు. 2018లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. సాంకేతికతను తిట్టాల్సిన పని లేదు. అది చేతికందని రోజున వేరే దారి ఉంచారా లేదా అన్నదే అడగాల్సింది.

ప్రభుత్వమే ఆ దారి మూసేసే రోజులూ ఉన్నాయి. 2023 ఏప్రిల్‌లో కద్మా శాస్త్రినగర్‌లో అల్లర్లు జరిగితే మొబైల్ ఇంటర్నెట్ ఆపారు. శాంతిభద్రతల పేరుంది కాబట్టి ఎవరూ పెద్దగా ప్రశ్నించలేదు. 2024 సెప్టెంబరు 21, 22 తేదీల్లో ఉద్యోగ నియామక పరీక్షలో కాపీ కొట్టకుండా రాష్ట్రమంతటా ఇంటర్నెట్ ఆపేశారు. ఆదివారమైనా జార్ఖండ్ హైకోర్టు ప్రత్యేకంగా కూర్చుని వెంటనే పునరుద్ధరించమంది. తన అనుమతి లేకుండా ఇకపై పరీక్షల కోసం ఇలా ఆపడానికి వీల్లేదని చెప్పింది. ‘ఆ రెండు రోజులూ ఖాతా పుస్తకం మళ్లీ తీశాను’ అన్నాడు భాలుబాసా చౌక్ టీ కొట్టు యజమాని. ఖాతా అంటే అప్పు రాసుకునే చిట్టా. జేబులో నోట్లు పెట్టుకోవడం మానేసిన కుర్రాళ్లు టీ తాగి, మొహం చూపించి వెళ్లారట. ఒకరిద్దరు తప్ప అందరూ తిరిగి ఇచ్చారని కూడా చెప్పాడు.

జార్ఖండ్ ఫోనుకు ఇంకో బెడద అంటుకుంది. ఇదే రాష్ట్రంలోని జామ్‌తాడా జిల్లా బ్యాంకు మోసాల కాల్స్‌కు దేశమంతా పేరుమోసింది. 2020లో ఆ పేరుతోనే వెబ్ సిరీస్ కూడా వచ్చింది. జంషెడ్‌పూర్‌కు అది చాలా దూరంలో ఉన్నా, తెర మీద నంబరుతో పాటు ‘బీహార్, జార్ఖండ్’ అని కనిపిస్తే చాలు, విజయనగరంలో మేనల్లుడు ఫోనెత్తడు. కద్మా తాతగారికి ఇది కొత్త అవమానం. ‘అప్పుడు డబ్బులైపోతాయని ఎత్తేవోరు కాదు. ఇప్పుడు డబ్బులు దోచీస్తానని ఎత్తట్లేదు’ అన్నారాయన. ఇప్పుడాయన ముందు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టి, తర్వాత ఫోన్ చేస్తారు.

వాయిస్ మెసేజ్ ఇక్కడి తెలుగిళ్లకు వేరే మేలు కూడా చేసింది. మూడో తరం పిల్లలు హిందీ, ఇంగ్లీషు మీడియంలో చదువుకున్నారు. తెలుగు మాట్లాడతారు, చదవలేరు. ఫోన్లలో తెలుగు అక్షరాలు వచ్చేసరికి వాటిని చదివేవాళ్లు తగ్గిపోయారు. ఆయన మనవరాలు అమ్మమ్మకు పండగ శుభాకాంక్షలు నాలుగు సెకన్ల మాటగా పంపింది. అటు నుంచి రెండు నిమిషాల జవాబొచ్చింది. ఏం వండారు, ఎవరొచ్చారు, ఆవు ఈనిందా, అన్నీ అందులోనే. ఆ పిల్ల దాన్ని మూడుసార్లు విని, ‘తాతా, సంకటం అంటే ఏమిటి?’ అని అడిగింది.

ఇన్ని పనులు చేసి అలసిపోయిన బ్యాటరీ చివరికి ఎక్కడికి వెళుతుంది? ఫోను బ్యాటరీలో లిథియంతో పాటు కోబాల్ట్ ఉంటుంది. మన దేశానికి రెండూ దిగుమతి సరుకులే. బ్యాటరీ సెల్ దేశంలోనే చేయాలన్న ప్రయత్నం మన తిరుపతిలో 2022లో మొదలైంది. రోజుకు 20 వేల సెల్స్ సామర్థ్యంతో ఓ ప్లాంటు ఆ సెప్టెంబరులో తొలి ఉత్పత్తికి సిద్ధమైంది. పాత బ్యాటరీల నుంచి కోబాల్ట్, లిథియం తిరిగి తీసే విద్య మాత్రం జంషెడ్‌పూర్ బర్మామైన్స్‌లోనే ఉంది. 1950 నవంబరులో నెహ్రూ ప్రారంభించిన నేషనల్ మెటలర్జికల్ లేబొరేటరీ శాస్త్రవేత్తలు ఆ పద్ధతుల మీద ఏళ్లుగా పనిచేస్తున్నారు. 2022లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం వాడిన బ్యాటరీలను వెనక్కి తీసుకోవాల్సిన బాధ్యత తయారీదారులదే.

భాలుబాసాలో ఆ బాధ్యత ప్రస్తుతానికి రిపేరు కుర్రాడి బల్ల కింద ఉన్న అట్టపెట్టెలో ఉంది. ఉబ్బిపోయిన బ్యాటరీలను అతను అందులో పడేస్తాడు. పాత సామాన్లు కొనేవాడు వచ్చినప్పుడు ఇనుము వేరే, రాగి తీగ వేరే, ఇవి వేరే తూస్తాడు. ఉబ్బినవాటికి ధర తగ్గిస్తాడట, దారిలో అంటుకుంటాయని.